చక్రంలో గాలి

మా ఆయన నా సైకిల్ చక్రాల్లోని గాలిని తన ఫోన్‌లో పెట్టుకుని తిరిగిన వానాకాలం అది.

ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. నవ్వండి, నాకేం! ఆ వానాకాలం గడిచేలోగా నా సైకిల్ ఇంట్లో ఉంటుందో, గడప దాటిపోతుందో తెలియక నేనెంత ఉడికిపోయానో నాకే తెలుసు.

నేను తొక్కేది మట్టిరోడ్ల పందేలు. గ్రావెల్ రేసులంటారు. తారురోడ్డు మీద సన్నటి చక్రాలతో దూసుకుపోయే రకం కాదు. కంకర, బురద, గుంతలు, ఏది ఎదురైతే అది దాటుకుంటూ పోవాలి. ఇందులో కాళ్ళ బలం ఎంత ముఖ్యమో చక్రంలో గాలీ అంతే ముఖ్యం. గాలి ఎక్కువుంటే చక్రం బిగిసిపోయి చిన్న కంకర మీద జారుతుంది. తక్కువుంటే నేలను బాగా పట్టుకుంటుంది కానీ, పెద్ద రాయి తగిలిందంటే టైరు నలిగి రిమ్ము రాయికి కొట్టుకుంటుంది, ఉన్న గాలి కూడా పోతుంది. దారి మారినప్పుడల్లా దిగి గాలి సరిచేసుకునే తీరిక పందెంలో ఎవరికుంటుంది? పొద్దున ఒక లెక్క కుదుర్చుకుని, దాంతోనే చివరిదాకా నెట్టుకురావాలి.

ఏటా మా దగ్గర ఒక పందెం జరుగుతుంది, అంతకుముందు ఏడాది అందులో నా లెక్క తప్పింది. గండిపేట అవతల ఒక పాత రాళ్ళ క్వారీ ఉంది. దాని దిగుడులో చిన్న కంకర మీద నా ముందు చక్రం జారింది. భుజం ఎముక విరిగింది. నా వెనకే తొక్కుతూ వస్తున్న మా ఆయన యశ్వంత్ అదంతా కళ్ళారా చూశాడు. ఎముక అతుక్కుంది, నేను మళ్ళీ సైకిలెక్కాను. అతను మాత్రం ఎక్కలేదు. పుప్పాలగూడలో మా ఫ్లాటు బాల్కనీలో అతని సైకిల్ తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి పనికొస్తోంది.

ఆ తర్వాత రోజూ నేను లేచేసరికి నా చక్రాల్లో గాలి కొట్టేసి ఉంచేవాడు. నేను ముప్పై పీఎస్‌ఐ పెట్టమని చెబితే ఇరవై ఎనిమిది పెట్టేవాడు. "ముప్పై అన్న కదా?" అంటే, "జారకుండా ఉంటాది లే" అనేవాడు. భయం కొద్దీ చేస్తున్నాడని తెలుసు. తెలిసినా ఒళ్ళు మండిపోయేది. నాకు ప్రశాంతి అని పేరు పెట్టేనాటికి మా అమ్మానాన్నలకు నా సంగతి ఇంకా తెలియదు మరి.

మిరుగం, అదే మృగశిర కార్తె, వెళ్ళిన వారంలో, తొలి వానలు పడుతుండగా, యశ్వంత్ రెండు కొత్త చక్రాలు భుజానికి తగిలించుకుని ఇంటికొచ్చాడు. గచ్చిబౌలిలో అతని ఉద్యోగమే వాల్వులు, సెన్సార్లు తయారుచేసే కంపెనీలో. నెలల తరబడి ఆఫీసయ్యాక అక్కడే కూర్చుని ఏదో గెలుకుతున్నాడని తెలుసు కానీ, అది నా కోసమని తెలియదు. చక్రాలను తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పడుకోబెట్టాడు. మాతోనే ఉండే అత్తమ్మ చింతపండు గింజలు తీస్తున్నదల్లా పళ్ళెం పక్కకు జరుపుకుంది.

"ఏంది గిది?" అన్నాను.

"తొక్కుతా ఉన్నప్పుడే గాలి పెంచుకునేది, దించుకునేది. చక్రం మధ్యలో డబ్బీ ఉంది చూడు. దాంట్లో గాలి కుక్కి ఉంటాది. హ్యాండిల్ మీద రెండు మీటలు. ఇది నొక్కితే డబ్బీలో గాలి టైర్లోకి ఎక్కుతాది. ఇది నొక్కితే టైర్లో గాలి బయటికి పోతాది. నువ్వు కింద కాలు పెట్టే పనే లేదు."

"డబ్బీల గాలి అయిపోతే?"

"అయిపోతే అంతే. దించుకోవచ్చు గానీ పెంచుకోలేవు. చూసుకుని వాడాల."

నిజం చెప్పొద్దూ, ఆ పూట అతన్ని పట్టుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. అత్తమ్మ ఉంది కాబట్టి ఊరుకున్నాను. మనిషికి కోపం ఎంత త్వరగా వస్తుందో మురిపెం కూడా అంతే త్వరగా వస్తుంది, నా విషయంలో మరీను.

మర్నాడు తెల్లవారగానే కోకాపేట వెళ్ళాను. అక్కడ కడుతున్న టవర్ల మధ్య ఇంకా తారు పడని రోడ్లు ఉన్నాయి. ఒక సందులో బురద, పక్క సందులో కంకర, ఆ పక్కన చదునైన ఎర్రమట్టి. బురదలో దిగగానే మీట నొక్కాను. సుయ్ మని గాలి పోయి చక్రం నేలకు అతుక్కున్నట్టయింది. గట్టి నేల రాగానే రెండో మీట. చక్రం బిగుసుకుని సైకిల్ తేలిపోయింది. ఒక్కదాన్నే పిచ్చిదానిలా నవ్వుకున్నాను. క్రేన్ దగ్గర నిలబడ్డ వాచ్‌మన్ నన్ను అనుమానంగా చూశాడు.

తర్వాత ఒక చిన్న దిగుడు వచ్చింది. నేనేమీ నొక్కలేదు. అయినా సుయ్ మంది. చక్రం మెత్తబడింది. మళ్ళీ పెంచాను. మళ్ళీ సుయ్.

ఆపి ఇంటికి ఫోన్ చేశాను. "ఇది ఖరాబైంది. దానంతటదే గాలి ఇడుస్తున్నది."

"ఖరాబేం కాలేదు," అన్నాడు యశ్వంత్, అవతల టీ తాగుతున్న చప్పుడు. "నేనే దించినా. దిగుడు కదా? ఇక్కడ ఫోన్లో అంతా కనబడతా ఉంది."

ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. తలుపు తీయగానే మొదలుపెట్టాను.

"మీటలు నాకిచ్చి, ఫోన్ నీ దగ్గర పెట్టుకున్నవా? తొక్కేది నేనా నువ్వా?"

"నువ్వు తొక్కేదాని మీద ధ్యాస పెట్టు. గాలి సంగతి నేను చూసుకుంటా."

"ఇద్దరం నొక్కితే ఎవరి మాట చెల్లుతది?"

"ఆఖర్న ఎవరు నొక్కితే వాళ్ళది."

"అయితే నాకొద్దు. పాత చక్రాలే ఏసుకుని పోత."

"పాత చక్రాలతో అయితే పందెం మాటే వద్దు." అతని గొంతు ఎప్పుడూ పైకి లేవదు. అరిచేవాడైతే నాకు సులువుగా ఉండేది. "ప్రశాంతీ, ఒక్క మాట. ఈసారి ఆ క్వారీలో మళ్ళీ పడినావంటే, ఇంట్లో సైకిల్ ఉండకూడదు. ఒప్పుకో."

"పడకపోతే?"

"పడకపోతే నేనింక ఆ విషయంలో నోరెత్తను."

అత్తమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చింది. "పొద్దుపొద్దున్నే ఏమి పందేలు ఇవి? ఇద్దరూ ఇద్దరే! అది మొండిది, నువ్వు పిరికోడివి. నా ఖర్మ కొద్దీ దొరికినారు."

నేను మాట ఇచ్చేశాను. కోపంలో ఇచ్చాను, కానీ ఇచ్చాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. పొద్దంతా ఆఫీసులో ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడమే నా పని. సాయంత్రానికి తల దిమ్మెక్కిపోతుంది. పొద్దున ఆ గంటా గంటన్నరా సైకిల్ మీద ఉంటేనే నేను నేనుగా ఉంటాను. అది పోతే ఏం మిగులుతుందో ఊహించుకోవడానికే భయమేసింది.

పందేనికి వారం ముందు, పెద్ద వాన వెలిసిన మర్నాడు, క్వారీ చూడటానికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే దారి ఎప్పుడూ ఒక్కలా ఉండదు కాబట్టి. మా వైపు మరీను. నిన్నటి మట్టిబాట ఇవాళ ప్లాట్ల వెంచర్‌కు రోడ్డవుతుంది, రేపటికి దాన్నే పైపుల కోసం తవ్వేస్తారు. క్వారీ పైనుంచి చూస్తే నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. నన్ను పడేసిన చిన్న కంకర మచ్చుకు కూడా లేదు. వాననీళ్ళు అంతా కడుక్కుని పోయాయి. దాని కింద ఇన్నాళ్ళూ దాక్కున్న పెద్ద రాళ్ళు, కొబ్బరికాయంతేసి, అంచులు పైకి చేసుకుని బయటపడ్డాయి. జారే భయం లేదిక్కడ. మెత్తటి చక్రంతో దిగితే మాత్రం మొదటి రాయికే గాలిపోవడం ఖాయం. గాలి పోయాక ఆ దిగుడులో నిలబడటం ఎవరి తరమూ కాదు.

ఫొటోలు తీసుకొచ్చి యశ్వంత్ ముందు పెట్టాను. అతను ఫోన్ చేత్తో పక్కకు తోసేశాడు.

"ఆ జాగా ఫొటోలు నాకు చూపించొద్దు."

"జర చూడు. మొత్తం మారిపోయింది. ఇప్పుడక్కడ గాలి ఎక్కువ ఉండాలె. నువ్వు ఎంతకు దించుదామనుకున్నవ్?"

"ఇరవైకి."

"ఇరవయ్యా! నన్ను నువ్వే పడేస్తవా ఏంది?"

"పోయినేడు నువ్వు పడిన చోటు, పడినప్పుడు ఉన్న స్పీడు, అన్నీ రికార్డులో ఉండాయి. వాటి మీదే లెక్క కట్టినా. ముప్పై అయిదు ఉండబట్టే జారినావు."

"అది పోయినేటి దారి యశ్వంత్. గా దారి ఇప్పుడు లేదు. ఒక్కసారి నాతోని వచ్చి చూడు, నీ కాళ్ళు మొక్కుత."

అతను నా ఫోన్ తీసి టేబుల్ మీద బోర్లా పెట్టాడు. తర్వాత, "నేను పోయి చూడాల్సిన పని లేదు," అన్నాడు. "నాకు రోజూ కనబడతానే ఉంది."

లోకంలో ఉన్న సెన్సార్లన్నీ తెచ్చి పెట్టినా, ఇతని కళ్ళముందు ఆ పాత కంకరే ఉంటుందని అర్థమైంది. జాలేసింది. అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది.

పందెం ఆదివారం పొద్దున కోకాపేటలో మొదలైంది. ఆకాశం మబ్బుగా ఉంది కానీ వాన లేదు. పందెం నడిపే శివశంకర్ గారు నా చక్రాలను అటూ ఇటూ తిప్పి చూసి, "గిట్లాంటిది వద్దని మా రూల్స్‌ల యాడా రాయలే. రాయకపోవుడు నా తప్పే అనుకో, పో!" అని నవ్వేశాడు. యశ్వంత్, అత్తమ్మ అప్పటికే కారులో క్వారీ కిందికి వెళ్ళిపోయారు. అత్తమ్మ ఎందుకొస్తోందని ఇంటి దగ్గర బయల్దేరేముందు అడిగితే, "పడితే ఎవరో ఒకరు ఏడ్వాల కదమ్మా," అంది.

మొదటి సగం నేను బతుకులో ఎప్పుడూ తొక్కనంత బాగా తొక్కాను. బురద వస్తే దించాను, గట్టి నేల వస్తే పెంచాను. మిగతావాళ్ళు చక్రాలు జారి కిందామీదా పడుతుంటే నేను పక్కనుంచి దాటుకుపోయాను. ఆ దూరమంతా అతను ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. ఆడవాళ్ళలో మూడో స్థానంలోకి వచ్చాను. ఎలాంటి మనిషి ఎలాంటి వస్తువు చేశాడు, అని గర్వంగా కూడా అనిపించింది.

క్వారీ ఉన్న గుట్ట ఎక్కుడు మొదలైంది. ఇక్కడికి వచ్చాక ఎవరైనా ఊపిరి దాచుకోవాలి. నేను ముందుగానే గాలి ముప్పైకి పెంచి పెట్టుకున్నాను. పైకి సగం ఎక్కానో లేదో, సుయ్.

హ్యాండిల్ మీద చిన్న తెర చూశాను. ఇరవై.

పెంచాను. ముప్పై. పది తొక్కులు కూడా వేయలేదు, సుయ్. మళ్ళీ ఇరవై. మళ్ళీ పెంచాను. ఈసారి పళ్ళు కొరుక్కుంటూ మీట నొక్కి పట్టుకున్నాను. మామూలుగా మొగుడూ పెళ్ళాల తగువులో మాటలుంటాయి. ఒకరు అరిస్తే ఒకరు అలుగుతారు. మా తగువు ఆ రోజు టైర్లో జరిగింది. నేను పెంచడం, అతను దించడం. ఇద్దరి మధ్యా అరమైలు దూరం, మధ్యలో గుట్ట. చక్రం గట్టిపడినప్పుడల్లా నేను అరుస్తున్నట్టు, మెత్తబడినప్పుడల్లా అతను ఆ లేవని గొంతుతో "వద్దు" అంటున్నట్టు. నాకు ఒక్క అడుగు ముందు ఎక్కుతున్న రజిత, అదే పోయినేడు గెలిచిన అమ్మాయి, "నీ టైరు ఏందక్కా బుసకొడుతున్నది?" అంది. "టైరు కాదమ్మా, మా ఆయన!" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు.

గుట్ట పైకి చేరేసరికి గాలి ఇరవైలో ఉంది. తెర మీద ఎర్ర దీపం వెలిగింది. డబ్బీలో ఇంకొక్కసారి పెంచుకోవడానికి సరిపడా గాలి మాత్రం మిగిలింది. ఆ తర్వాత అతను దించితే, దించినట్టే.

నేను ఆగాను. పందెంలో కాలు నేల మీద పెట్టి ఆగాను.

రజిత దిగుడులోకి వెళ్ళిపోయింది. ఇంకొకామె నన్ను దాటిపోయింది. దిగుడు పొడవునా ఆ రాళ్ళే, తడితడిగా. కింద మలుపు దగ్గర అత్తమ్మ నీలం గొడుగు, పక్కన యశ్వంత్ తెల్ల టోపీ. అతను తలెత్తి నన్నే చూస్తున్నాడు. చేతిలో ఫోను. అరిచినా వినబడదు. సైకిల్ పోతుందని భయం, ఎముక విరుగుతుందని భయం, రెండింటికంటే కూడా ఈ మనిషి నన్ను ఎప్పటికీ నమ్మడేమోనన్న భయం ఎక్కువైంది.

అతనికి కనబడేలా కుడిచేయి పైకెత్తాను. నిదానంగా దించి మీట మీద బొటనవేలు పెట్టాను. నొక్కాను. ముప్పై. డబ్బీ ఖాళీ.

కాసేపు చూశాను. ఏ చప్పుడూ లేదు. ఎంతసేపని చూస్తాను? పెడల్ మీద కాలేసి వదిలాను.

ఆ దిగుడంతా నేను దారి చూడటం కంటే చెవులు రిక్కించడమే ఎక్కువ చేశాను. ఇప్పుడు సుయ్ మంటుంది, ఇప్పుడు మంటుంది అనుకుంటూనే రాయి మీద రాయి దాటాను. ఒక పెద్ద రాయి వెనక చక్రానికి ధబ్ మని తగిలింది. పళ్ళు టకటకలాడాయి. చక్రం ఎగిరి మళ్ళీ నేల మీద పడింది, నిలబడింది. ఇరవైలో ఉంటే అక్కడితో నా పని అయిపోయేది. నేను పోయినేడు పడిన చోటు ఎప్పుడు దాటానో కూడా చూసుకోలేదు. కింద మలుపులోకి వచ్చాక గానీ ఊపిరి వదల్లేదు.

వాళ్ళ పక్కనుంచి పోతూ చూశాను. యశ్వంత్ నా వైపు చూడటం లేదు. వీపు ఇటు తిప్పి, గుట్టకు ఎదురు దిక్కున ఉన్న పొదల వైపు చూస్తూ నిలబడ్డాడు. అత్తమ్మ మాత్రం వేడి అప్పడం పట్టుకున్నట్టు, దేన్నో రెండు వేళ్ళతో తనకు దూరంగా పట్టుకుని, నోరు తెరుచుకుని నన్ను చూసింది.

నాలుగో స్థానంలో వచ్చాను. బహుమతి లేదు, ఏమీ లేదు. నాకు పట్టలేదు కూడా. యశ్వంత్ కారు దిగి వచ్చాడు. ముందు నా మోచేతులు చూశాడు, మోకాళ్ళు చూశాడు, తర్వాత సైకిల్ చూశాడు. ముఖం చూడలేదు.

"చివరికి దించలేదేంది?" అన్నాను.

"సిగ్నల్ పోయింది," అన్నాడు.

"అంటే సిగ్నల్ ఉంటే దించేటోనివే?"

అతను సైకిల్ ఎత్తి కారు మీద కట్టాడు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. సైకిల్ దక్కింది, నిజమే. కానీ దక్కించింది సిగ్నల్ లేని ఆ గుట్ట అని తెలిశాక సంతోషం ఎక్కడినుంచి వస్తుంది?

సాయంత్రం అతను స్నానానికి వెళ్ళినప్పుడు అత్తమ్మ బొరుగులతో ఉగ్గాని చేసి పళ్ళెం నా చేతికిచ్చింది. ఇచ్చి అక్కడే నిలబడింది.

"మొగం ఎందుకట్ల పెట్టుకున్నావు? పడలేదు కదా?"

"సిగ్నల్ పోబట్టి పడలే అత్తమ్మా. లేకుంటే మీ కొడుకు ఈపాటికి సైకిల్ అమ్మేస్తుండె."

అత్తమ్మ బాత్‌రూమ్ తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "సిగ్నలూ లేదు, పాడూ లేదు. అంతా బాగనే ఉండె. నువ్వు పైన చెయ్యెత్తినావు చూడు, అప్పుడు ఫోను తెచ్చి నా చేతిలో పెట్టినాడు. 'నువ్వు పట్టుకోమ్మా, నా దగ్గరుంటే నేను నొక్కేస్తా' అన్యాడు. అని అటు తిరిగి నిలబడినాడు. నువ్వు దిగేంతవరకు తిరిగి చూడలా."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"నాకేమో పానం పోయింది," అంది అత్తమ్మ. "ఆ ఫోను యాడ ముట్టుకుంటే ఏమైతాదో నాకేం తెలుసు? నా వేలు తగిలి గాలి దిగిపోతే? అందుకే రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని, ఊపిరి కూడా ఇడవకుండా నిలబడినా. అడిగితే నేను చెప్పినానని చెప్పొద్దు. 'ఇంత భయపడినానని తెలిస్తే నవ్వుతాది' అన్యాడు వాడు."

నేను నవ్వలేదు. ఉగ్గాని తిన్నాను. కారం ఎక్కువైందని అత్తమ్మ నీళ్ళు తెచ్చింది కానీ, కళ్ళల్లో నీళ్ళు దానివల్ల కాదని ఆమెకూ తెలుసు.

మర్నాడు పొద్దున లేచేసరికి బాల్కనీలో యశ్వంత్ పంపు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. తువ్వాళ్ళన్నీ తీసి కుర్చీ మీద వేశాడు. నా సైకిల్ పక్కన అతని సైకిల్ దుమ్ము తుడిచి ఉంది. చక్రాల్లో ఇంకా గాలి కొట్టలేదు, రెండు సైకిళ్ళకీ. నన్ను చూసి తలొంచుకుని పంపు గొట్టం సరిచేసుకున్నాడు.

"ఎంత పెట్టమంటావు?" అన్నాడు.

ఏడాది కాలంలో ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"ఇరవై తొమ్మిది," అన్నాను.

మారు మాట్లాడకుండా గాలి కొట్టాడు. మూత బిగించి, టీ పెడతానని లోపలికి వెళ్ళాడు.

అతను వెళ్ళాక గేజీ తెచ్చి పెట్టి చూశాను. ఇరవై తొమ్మిదే ఉంది.